పిల్లల ఏటీవీ ముందు షాకప్‌లు: అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో దేవరకొండ రోడ్డు మీద మా షెడ్డు. వచ్చేవి ఎక్కువగా బైకులే. కొన్నేళ్లుగా పిల్లల ఏటీవీలూ, అంటే లావు టైర్లు, బైకు హ్యాండిల్ ఉండే నాలుగు చక్రాల చిన్న బండ్లూ వస్తున్నాయి. బత్తాయి తోటలున్నవాళ్లు, ఊరి బయట ఫామ్‌హౌస్ కట్టుకున్నవాళ్లు పిల్లల ముచ్చట తీర్చడానికి కొంటున్నారు. తెచ్చినవాళ్లలో చాలామందిది ఒకటే మాట: "అన్నా, ముందు షాకప్‌లు పీకేసి గట్టివి వెయ్యి. మావోడు ఒడ్లు దుంకిస్తుండు."

అపోహ: షాకప్ ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది.

ఎక్కువ చేటు చేసేది ఇదే. పని నేర్చుకునే రోజుల్లో నేనూ ఇదే నమ్మి, ఎనిమిదేళ్ల పిల్లాడి బండికి బ్రాకెట్లు వెల్డింగ్ చేసి మరీ బైకు వెనక షాకప్‌లు బిగించాను. వారం తిరక్కుండానే వాళ్ల నాన్న బండిని మళ్లీ తెచ్చాడు. పిల్లాడు రెండు అరచేతులూ చాపాడు. బొటనవేళ్ల మొదట్లో బొబ్బలు. "హ్యాండిల్ కొడుతుంది మామా" అన్నాడు. నా బరువంతా వేసి ముందు భాగాన్ని నొక్కితే స్ప్రింగు వేలెడు కూడా దిగలేదు. ఇద్దరు పెద్దవాళ్లను మోసే స్ప్రింగు పాతిక కిలోల పిల్లాడికి ఎక్కడ లొంగుతుంది? గుంతల్లో పడ్డ ప్రతి దెబ్బా వాడి మణికట్లే మోశాయి. మొరం మీద చక్రం నేలను వదిలి ఎగురుతుంటే హ్యాండిల్ తిప్పినా బండి తిరగదు. ఆ రోజే విప్పేశాను. ఆ చేతులు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి.

వాస్తవం: స్ప్రింగును పిల్లాడి బరువును బట్టి ఎంచుకోవాలి. పిల్లాడు కూర్చుంటే ముందు భాగం, అది పైకీ కిందికీ కదలగలిగే మొత్తం దూరంలో పావు నుంచి మూడో వంతు దాకా దిగాలి. షాకప్ రాడ్డుకు సన్నని ప్లాస్టిక్ ట్యాగు కట్టి చెలకలో నాలుగు రౌండ్లు తిప్పించండి. ట్యాగు ఎంత దూరం జరిగిందో చూడండి. గతుకుల్లో తిప్పినా సగం దాకా కూడా రాలేదంటే స్ప్రింగు గట్టిది. ప్రతిసారీ చివరికంటా తగులుతుంటే మెత్తది.

స్ప్రింగు ఒక్కటే చాలదు, లోపల ఆయిల్ పని చెయ్యాలి. ముందు భాగాన్ని నొక్కి వదలండి. ఒకసారి లేచి నిలబడితే సరే. రెండు మూడుసార్లు ఊగితే ఆయిల్ పట్టు లేనట్టే. చవక బండ్లలో చాలావాటికి పేరుకే షాకప్, ఉన్నది స్ప్రింగే. డబ్బు పెట్టాలంటే ఇక్కడ పెట్టండి: అదే పొడవు, అవే బోల్టు కొలతలు, ఆయిల్ ఉన్న జత.

అపోహ: బండి ఊగుతోందంటే షాకప్ పోయినట్టే.

ముందు టైర్ల గాలి చూడండి. ఈ టైర్లకు సాధారణంగా 3 నుంచి 5 పీఎస్ఐ చాలు, కచ్చితమైన లెక్క టైరు మీదే రాసి ఉంటుంది. పంక్చర్ షాపులో బైకుకు కొట్టినట్టు కొట్టిస్తే బండి బంతిలా ఎగురుతుంది. తర్వాత ముందు భాగాన్ని జాకీ మీద లేపి చక్రాన్ని పైనా కిందా పట్టి ఆడించండి. టక్కుమంటే బాల్ జాయింటో, బుష్షో, బేరింగో అరిగింది. పక్కలకు ఆడితే హ్యాండిల్ తిప్పుడును చక్రానికి చేర్చే టై రాడ్ చివరలు అరిగినట్టు. రబ్బరు తొడుగు చిరిగితే మన ఎర్రమట్టి దుమ్ము లోపలికి చేరి, వాటిని తొందరగా తినేస్తుంది.

అపోహ: పొడుగు షాకప్ వేస్తే బండి లేచి రాళ్లు తగలవు.

లేస్తుంది, నిజమే. చాలా బండ్లలో షాకప్, చక్రాన్ని ఫ్రేముకు కలిపే ఎ-ఆర్మ్ మధ్యలో ఉంటుంది కాబట్టి అంగుళం పెంచితే చక్రం దగ్గర దాదాపు రెండంగుళాలవుతుంది. బాల్ జాయింట్లు చివరిదాకా వంగిపోతాయి, చక్రాల వరస తప్పుతుంది. బరువు పైకి పోతుంది, వెడల్పు మాత్రం పెరగదు. ఒడ్డు మీద పక్కకు వాలితే బోల్తా పడే ప్రమాదం పెరుగుతుంది.

అపోహ: మంచి షాకప్‌లున్నాయి, ఇక స్పీడు పెంచొచ్చు, రోడ్డెక్కించొచ్చు.

అమెరికా పిల్లల వైద్యుల సంఘం 16 ఏళ్లలోపు వాళ్లు ఏటీవీ నడపొద్దనే చెబుతుంది. షాకప్ ఆ మాటను మార్చదు. ఇక రోడ్డు సంగతి: మైనరు బండి నడిపి నేరం చేస్తే, మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 199ఎ సెక్షన్ కింద తల్లిదండ్రులకు మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా. పొలంలోనైనా హెల్మెట్ ఉండాలి, పెద్దవాళ్లు పక్కనుండాలి, ఇంజిన్ ఆపే తాడు పిల్లాడి చేతికి కట్టి ఉండాలి. చాలా బండ్లకు థ్రాటిల్ (యాక్సిలరేటర్) దగ్గర స్పీడు పెరక్కుండా కట్టేసే చిన్న స్క్రూ ఉంటుంది. షాకప్‌లు మార్చిన రోజు ఎవరడిగినా ఆ స్క్రూ నేను విప్పను.