సీజన్ చివర్లో పబ్లిక్ ల్యాండ్‌పై ఫెజంట్ వేట: అపోహలు - వాస్తవాలు

ఫెజంట్ అంటే పొడవాటి తోక ఉన్న, కోడి జాతి అడవి పిట్ట. సౌత్ డకోటాలో దాని వేట సీజన్ అక్టోబరు మూడో శనివారం మొదలై జనవరి 31 దాకా నడుస్తుంది. బయటి రాష్ట్రాల వాళ్ళలో ఎక్కువమంది మొదటి రెండు మూడు వారాల్లోనే వచ్చి వెళ్ళిపోతారు. నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ దాటాక హ్యూరన్, ఆబర్డీన్, మిచెల్ లాంటి ఊళ్ళ మోటెళ్ళలో గదులు తేలిగ్గా దొరుకుతాయి. వేటకు అందరికీ తెరిచి ఉండే పబ్లిక్ ల్యాండ్ పక్కన బండ్లు కనపడవు. నేను కుక్కను తీసుకుని వెళ్ళేది ఆ రోజుల్లోనే. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళు కొందరు ఈ మధ్య వేట నేర్చుకుంటున్నారు, ట్రిప్ ఎలా వేసుకోవాలని నన్ను అడుగుతుంటారు. వాళ్ళ నోట తరచూ వినే మాటలు కొన్ని తీసుకుని, నాకు తెలిసింది చెబుతాను. ఇదంతా అమెరికా సంగతి. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటి వేటకు చోటు లేదు.

అపోహ: నవంబరు దాటితే పబ్లిక్ ల్యాండ్‌లో పిట్టలు ఉండవు.

ఉంటాయి. చోటు మార్చుకుంటాయి, అంతే. అక్టోబరులో కోయని మొక్కజొన్న చేలు ఇంకా చాలా ఉంటాయి కాబట్టి పిట్టలు చేలల్లో, గడ్డిలో, రోడ్డు పక్క పల్లాల్లో చెల్లాచెదురుగా తిరుగుతాయి. నవంబరు చివరికి కోతలు అయిపోతాయి. మంచు పడ్డాక సన్నగడ్డి వంగి నేలకు అతుక్కుపోతుంది. అప్పుడు వాటికి గాలి తగలకుండా, చలికి తట్టుకుని ఉండే చోట్లు కొన్నే మిగులుతాయి: జమ్ము దట్టంగా పెరిగిన కుంటలు, విల్లో పొదలు, పొలాల మధ్య గాలికి అడ్డంగా నాటిన చెట్ల వరుసలు.

పబ్లిక్ ల్యాండ్‌కు కలిసొచ్చేది ఇక్కడే. వాటర్‌ఫౌల్ ప్రొడక్షన్ ఏరియాలంటే ఫెడరల్ ప్రభుత్వం బాతుల కోసం కొన్న కుంటలు, వాటి చుట్టూ ఉన్న గడ్డినేలలు. బాతుల వేటగాళ్ళు తప్పనిసరిగా కొనాల్సిన డక్ స్టాంపు అమ్మకాల డబ్బుతో, 1958లో చట్టం మార్చాక, వీటిని కొంటూ వస్తున్నారు. బాతుల కోసం కొన్న ఆ కుంటల్లోని జమ్మే చలికాలంలో ఫెజంట్లకు ఇల్లు. అక్టోబరులో మోకాలి లోతు నీళ్ళూ బురదా ఉండి ఎవరూ అడుగు పెట్టలేని జమ్ములోకి, గడ్డకట్టాక నడిచి వెళ్ళొచ్చు. మొదటి వారాల్లో వచ్చినవాళ్ళు అంచులు తిరిగి వెళ్ళిపోయిన నేల అది. లోపలి భాగంలో ఆ ఏడాది మనిషి అలికిడే ఉండకపోవచ్చు.

అందుకే ప్లాన్ చేసేటప్పుడు మ్యాప్‌లో ఎంత పెద్ద ప్రాంతం ఉందని కాదు, అందులో జమ్ము ఎంత ఉంది, మేత ఎంత దూరంలో ఉంది అని చూడాలి. శాటిలైట్ చిత్రంలో జమ్ము లేత గోధుమ రంగులో, ముతకగా కనిపిస్తుంది. దానికి అర మైలు లోపల మొక్కజొన్న చేను ఉంటే ఆ చోటు రాసుకోండి. కోసేసిన చేనైనా పరవాలేదు, రాలిన గింజలు చాలు. పార్కింగ్‌కు దూరంగా ఉన్న మూల, వాగు దాటితే గానీ చేరలేని మూల, రోడ్డు మీద నుంచి కనపడని చిన్న కుంట, వీటికి ముందు గుర్తు పెట్టండి. రోజుకు నాలుగైదు చోట్లు తిరగగలిగితే అంతకు రెట్టింపు రాసి ఉంచుకోండి. కొన్నిచోట్లకు దారి మంచుతో మూసుకుపోయి ఉంటుంది, కొన్నిచోట్ల అప్పటికే ఇంకెవరో ఉంటారు. కనీస నిర్వహణ మాత్రమే ఉండే మట్టిరోడ్లను మంచు కాలంలో ఎవరూ శుభ్రం చేయరు. వాటిలోకి బండి దింపకండి.

తేదీలు కూడా ముందే గట్టిగా పెట్టుకోవద్దు. సౌత్ డకోటాలో బయటి రాష్ట్రాల వాళ్ళకిచ్చే చిన్న జంతువుల లైసెన్స్‌లో ఐదేసి రోజుల గడువులు రెండు ఉంటాయి. ఒకటి అక్టోబరులో వాడుకున్నా, రెండోది మంచు కోసం దాచుకోండి. పెద్ద మంచు పడి, గాలి తగ్గి, ఎండ కాసే రెండో రోజు, మూడో రోజు నాకు అన్నిటికన్నా ఇష్టం. తుఫాను నడుస్తుండగా మాత్రం ఎవరూ వెళ్ళకూడదు. ఆ మైదానాల్లో గాలికి ఎగిరే మంచులో రోడ్డు అంచు కూడా కనపడదు.

అపోహ: తెల్లవారకముందే అక్కడ ఉండాలి.

బాతుల వేటకు అది సరి. సౌత్ డకోటాలో ఫెజంట్ మీద ఉదయం 10కి ముందు కాల్చడానికే వీల్లేదు, సూర్యాస్తమయంతో ఆపేయాలి. మిన్నెసోటాలో 9 నుంచి సూర్యాస్తమయం దాకా. అయోవాలో ఉదయం 8 నుంచి సాయంత్రం 4:30 దాకా. కాన్సస్, నెబ్రాస్కాల్లో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి అనుమతి ఉంది. ఎక్కడైనా సరే, సీజన్ చివర్లో నేను నమ్ముకునేది ఆఖరి గంటన్నరనే. చేలల్లో మేసిన పిట్టలు పొద్దు వాలేసరికి జమ్ములోకి తిరిగొస్తాయి. అందరికన్నా మంచి కుంటను ఆ సమయానికి అట్టిపెట్టుకుని, మధ్యాహ్నం చెట్ల వరుసలు, పొదలు తిరగండి. సూర్యుడు కిందకి దిగాక ఎదురుగా లేచిన పిట్ట నల్లగా కనిపిస్తుంది, పుంజో పెట్టో తెలియదు. సూర్యుణ్ణి వీపు వైపు ఉంచుకుని నడవండి. పుంజులను మాత్రమే కొట్టడానికి అనుమతి ఉంది కాబట్టి, పుంజు రంగు, మెడ చుట్టూ తెల్ల పట్టీ స్పష్టంగా కనపడకపోతే ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దు.

అపోహ: ఎంత ఎక్కువమంది వరసగా నడిస్తే అన్ని ఎక్కువ పిట్టలు లేస్తాయి.

పెద్ద మొక్కజొన్న చేలో, అక్టోబరులో, అది పనిచేస్తుంది. డిసెంబరు దాకా బతికిన పుంజు మాత్రం కారు తలుపు చప్పుడు విని కుంటకు అవతలి వైపు నుంచి లేచిపోతుంది. నేను అర కిలోమీటరు ముందే ఇంజను ఆపేస్తాను. తలుపును చేత్తో నొక్కి, గొళ్ళెం పడే చప్పుడు రాకుండా మూస్తాను. కుక్క మెడకున్న గంట తీసేస్తాను. ఈల లేదు, పిలుపు లేదు, సైగలే. తూటాలు కూడా ముందే చేతి తొడుగులో వేసుకుని ఉంచుకుంటాను, జేబులో ఒకదానికొకటి తగిలి గలగలమనకుండా.

ఇద్దరు మనుషులు, ఒక కుక్క చాలు. ఒకరు ముందుగా చుట్టూ తిరిగి అవతలి కొనలో, గాలి వచ్చే వైపున నిలబడతారు. రెండోవాళ్ళు కుక్కతో ఇటు నుంచి గాలికి ఎదురుగా నెమ్మదిగా, ఆగి ఆగి నడవాలి. ఆగినప్పుడే పిట్ట లేస్తుంది. అడుగుల చప్పుడు ఉన్నంతసేపు అది పరిగెత్తుతూనే ఉంటుంది, చప్పుడు ఆగితే తనను చూసేశారనుకుంటుంది. కొత్త మంచు మీద జాడ చూడండి: మూడు వేళ్ళ గుర్తు, మధ్యలో తోక ఈడ్చిన సన్నని గీత. గీత పొడుగ్గా ఉంటే పొడవైన తోక, అంటే పుంజు కావచ్చు. అంచులు పదునుగా ఉన్న జాడ ఆ పూటది. అంచులు కరిగి గుండ్రమైతే పాతది. జాడ దట్టమైన జమ్ములోకి వెళ్ళి బయటికి రాకపోతే కుక్క తోక చూడండి, అది కొట్టుకునే తీరు మారిపోతుంది. చివర్లో ఒక్కసారిగా రెక్కల మోత, గొంతు చించుకున్న అరుపు.

ఒక్కోసారి పెట్టలు పదీ ఇరవై కలిసి లేస్తాయి, పుంజు వాటి వెనక, అన్నీ అయిపోయాక లేస్తుంది. మొదటి రెక్క చప్పుడుకే తుపాకీ ఎత్తేసేవాళ్ళు దాన్ని చూడలేరు.

అపోహ: చలి ఇంత ఉంది కాబట్టి మంచుగడ్డ మీద ఎక్కడైనా నడవొచ్చు.

ఈ ఒక్క మాట వల్ల మనుషులు చనిపోతారు. స్వచ్ఛమైన గట్టి మంచుగడ్డ కనీసం 4 అంగుళాల మందం ఉంటేనే మనిషి నడవాలని లెక్క. జమ్ము కుంటలో ఆ లెక్క కూడా చాలదు. కుళ్ళే మొక్కలు వేడి పుట్టిస్తాయి, పైన పడ్డ మంచు దుప్పటిలా చలిని కిందకి పోనివ్వదు, నీళ్ళలో ఉండే పెద్ద ఎలుకలాంటి మస్క్‌రాట్ ఇళ్ళ చుట్టూ గడ్డ పల్చగా ఉంటుంది. ఊట ఉన్నచోట అసలే కట్టదు. నీళ్ళు నడుం లోతు దాటే కుంటల జోలికి పోవద్దు. చేతిలో కర్ర ఉంచుకుని ప్రతి కొత్త చోటా గుచ్చి చూడండి. పొడి సాక్సులు, ప్యాంటు బండిలో ఉండాలి. ఇద్దరూ పక్కపక్కనే నడవకూడదు.

కుక్క సంగతి కూడా ఇక్కడే చెబుతాను. కాలి వేళ్ళ మధ్య మంచు ఉండలు కడుతుంది, విరిగిన జమ్ము కాడలు కళ్ళకు, కడుపుకు గీసుకుంటాయి. గంటకోసారి ఆపి పాదాలు చూడండి. చలిలో కూడా దానికి నీళ్ళు కావాలి. చలికాలం ఉచ్చులు పెట్టేవాళ్ళ సీజన్ కూడా. పబ్లిక్ ల్యాండ్‌లో వైరు ఉచ్చులు చట్టబద్ధంగానే ఉండొచ్చు. మంచి కేబుల్ కట్టర్ కోటు జేబులో లేకుండా నేను కుక్కను దించను.

అపోహ: హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు తుపాకీ పట్టుకోవడమే నేరం.

మనవాళ్ళు ఎక్కువ టెన్షన్ పడేది దీని గురించే, పడాల్సిన విషయమే. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 అన్నీ ఇందులోకి వస్తాయి. అదే చట్టంలో మినహాయింపులున్నాయి, వాటిలో ఒకటి ఏదైనా అమెరికా రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్. అంటే వరస ముఖ్యం: ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు, తర్వాత లైసెన్స్, ఆ తర్వాతే తుపాకీ. స్నేహితుడి దగ్గర అరువు తెచ్చుకున్నా దగ్గర ఉంచుకున్నట్టే లెక్క. లైసెన్స్ గడువు తీరిన రోజున మినహాయింపు కూడా పోతుంది, ఇంట్లో తుపాకీ మాత్రం మిగిలే ఉంటుంది. గ్రీన్ కార్డు వాళ్ళకు ఈ నిషేధం వర్తించదు. రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉంటాయి కాబట్టి మొదటిసారి కొనేముందు ఇమిగ్రేషన్ లాయరుతో ఒకసారి మాట్లాడండి. ఆ ఫీజు దండగ కాదు.

వేటాడడానికి మాత్రం ఒక రాష్ట్రం లైసెన్స్ ఇంకో రాష్ట్రంలో చెల్లదు. రూల్స్ కూడా వేరు. సౌత్ డకోటా, నెబ్రాస్కా, అయోవాల్లో రోజుకు 3 పుంజులు, కాన్సస్‌లో 4. మిన్నెసోటాలో నవంబరు ఆఖరు దాకా 2, డిసెంబరు 1 నుంచి 3. అయోవా జనవరి 10న మూసేస్తుంది. కాన్సస్, నెబ్రాస్కా జనవరి 31 దాకా తెరిచి ఉంటాయి. అయోవాలో ఆరెంజ్ బట్ట తప్పనిసరి. తప్పనిసరి కాని చోటా వేసుకోండి, జమ్ములో మనిషి తల కూడా కనపడదు. ఏ ఏడాదికా ఏడాది రూల్స్ పుస్తకం చదవాల్సిందే.

అపోహ: దూరం నుంచి లేస్తాయి కాబట్టి ఎక్కువ శక్తి ఉన్న పెద్ద మాగ్నమ్ తూటాలే వాడాలి.

తూటా కన్నా గురి ముఖ్యం. వాటర్‌ఫౌల్ ప్రొడక్షన్ ఏరియాల్లో సీసం తూటాలు నిషేధం కాబట్టి అన్నిచోట్లా స్టీలే తీసుకెళ్తే గొడవుండదు. 2 లేదా 3 నంబరు స్టీలు గుండ్లు, అవి మరీ చెదిరిపోకుండా తుపాకీ గొట్టం కొనను కాస్త బిగించే మాడిఫైడ్ చోక్ నాకు సరిపోతున్నాయి. 40 గజాలు దాటితే వదిలేయండి. గాయపడ్డ పుంజు జమ్ములో పరిగెడితే మంచి కుక్కకు కూడా దొరక్కపోవచ్చు.

అపోహ: చలికి అల్లాడే పిట్టలను కొట్టడం వల్లే వాటి జాతి తగ్గిపోతోంది.

ఈ మాట అనేవాళ్ళ మనసు నాకు అర్థమవుతుంది, అందుకే వివరంగా చెబుతాను. కొట్టడానికి అనుమతి పుంజులకే. ఒక పుంజు చాలా పెట్టలతో జతకడుతుంది కాబట్టి, సీజన్ అయ్యేసరికి పుంజులు బాగా తగ్గినా వసంతంలో గుడ్లకు లోటు రాదు. ఫెజంట్లను నిజంగా తగ్గించేది గడ్డినేల పోవడం. 1985లో మొదలైన కన్జర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రాం కింద, ప్రభుత్వం డబ్బిచ్చే ఒప్పందాలతో, రైతులు లక్షల ఎకరాలు గడ్డికి వదిలారు, పిట్టలు పెరిగాయి. 2007 తర్వాత మొక్కజొన్న ధర పెరిగి, ఒప్పందాలు ముగిసిన నేలలను దున్నేసరికి పిట్టలు తగ్గాయి. తుపాకులు, తూటాల మీద వసూలు చేసే ఫెడరల్ పన్ను 1937 చట్టం ప్రకారం ఇలాంటి నేలలను కాపాడే పనులకు కూడా వెళ్తుంది.

అయితే పెట్టల విషయంలో మన బాధ్యత ఉంది. భారీ తుఫాను తర్వాత వారం పాటు చలి తీవ్రంగా ఉంటే, ఒకే కుంటను రోజూ తొక్కి పెట్టలను బయటి గాలిలోకి తరమకూడదని నా అభిప్రాయం. చట్టం దీన్ని అడ్డుకోదు. నేను మాత్రం ఒకసారి తిరిగిన జమ్ము జోలికి ఆ ట్రిప్‌లో మళ్ళీ వెళ్ళను.

అపోహ: ముదురు పుంజు మాంసం ఉడకదు, తినలేం.

రొమ్ము, కాళ్ళు కలిపి ఒకే కూరలో వేస్తే అలాగే అవుతుంది. రొమ్ము మాంసంలో కొవ్వు లేదు. పలుచగా కోసి, అల్లంవెల్లుల్లి, మిరియాలు పట్టించి పెద్ద మంట మీద కొన్ని నిమిషాలు వేపితే చాలు, ఎక్కువైతే చెక్కలా అవుతుంది. కాళ్ళలో గట్టి నరాలుంటాయి. వాటిని నాటుకోడిలా సన్నని సెగ మీద రెండు గంటలు ఉడికిస్తే ఎముక నుంచి జారిపోతాయి, నరాలు అప్పుడు లాగేయొచ్చు. పులుసు దీంతోనే బాగుంటుంది. గుండ్లు తగిలిన రంధ్రాల దగ్గర ఈకలు లోపలికి పోయి ఉంటాయి, కత్తి మొనతో తీసేయండి.

దారిలో శుభ్రం చేసినా పుంజు అని తెలిసేలా ఆనవాలు ఉంచాలి. సౌత్ డకోటాలో పాదంతో ఉన్న కాలు గానీ, ఈకలున్న తల గానీ, రెక్క గానీ శరీరానికి అంటి ఉండాలి. నేను కాలు ఉంచుతాను, వెనక ముల్లు చూడగానే పుంజని తెలిసిపోతుంది. ముల్లు పొట్టిగా, మొద్దుగా ఉంటే ఆ ఏటి పిట్ట. పొడుగ్గా, పదునుగా ఉంటే ముదురుది. వాటిని వేరువేరు సంచుల్లో పెట్టుకుంటే ఇంటికెళ్ళాక దేన్ని వేపాలో, దేన్ని పులుసు పెట్టాలో వెతుక్కోనక్కర్లేదు.