ట్రాక్టరు నడపడం వచ్చు సరే, దిగడం వచ్చా?

విశాఖ దగ్గర ఆనందపురం, పద్మనాభం వైపు కుర్రవాళ్లకు ట్రాక్టరు నేర్పడం నా పని. మొదటి రోజు ఎవరినీ నడిపి చూపించమనను. ఆపి, దిగి చూపించమంటాను. ఇంజను నడుస్తుండగానే కిందికి దూకేవాళ్లే ఎక్కువ. మిగతా అపోహలన్నీ ఆ దూకుడు వెంటే వస్తాయి.

అపోహ: బైకు వచ్చినవాడికి ట్రాక్టరు ఒక లెక్కా?

ట్రాక్టరులో కుడి పాదం దగ్గర రెండు బ్రేకు పెడళ్లు ఉంటాయి. వెనుక చక్రాల్లో ఎడమదానికొకటి, కుడిదానికొకటి. మడి చివర ఇరుకులో తిరగడానికి ఒక్కదాన్నే తొక్కుతాం. రోడ్డెక్కే ముందు ఆ రెంటినీ కలిపే గొళ్లెం వేయాలి. వేయకుండా 16వ నంబరు జాతీయ రహదారి మీద వేగంగా వెళ్తూ ఒక పెడల్ తొక్కితే ఒక చక్రమే ఆగుతుంది, బండి పక్కకు లాగి తిరగబడవచ్చు. ఆ గొళ్లెం ఎక్కడుందని అడిగితే తెల్లముఖం వేసినవాళ్లలో సొంత ట్రాక్టరు ఉన్నవాళ్లూ ఉన్నారు.

అపోహ: పీటీఓ షాఫ్టు తిరుగుతున్నా చూసుకుని దాటేయవచ్చు.

పీటీఓ షాఫ్టంటే ఇంజను బలాన్ని ట్రాక్టరు వెనుక పరికరానికి అందించే తిరిగే కడ్డీ. సాధారణంగా అది నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు తొమ్మిది. లుంగీ అంచో, మెడలోని తువ్వాలో చిక్కితే వెనక్కి లాక్కునే వ్యవధి ఉండదు. షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు ఉండేది అందుకే. అది పగిలితే తీసి పారేస్తారు, కొత్తది కొనరు. ఆయుధపూజ నాడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం మాత్రం ఎవరూ మరచిపోరు!

అపోహ: రోటవేటరుకు (మట్టిని చీల్చే బ్లేడ్ల పరికరానికి) చుట్టుకున్న గడ్డి తీయడానికి ఇంజను ఆపడమెందుకు? డీజిల్ దండగ.

ఇది నేనూ నమ్మినదే. పంతొమ్మిదేళ్లప్పుడు రోటవేటరును పైకెత్తి, ఇంజను ఆపకుండానే కింద చెయ్యి పెట్టాను. సీటు మీదున్న స్నేహితుడు పక్కకు జరగబోయి, పరికరాన్ని ఎత్తి దించే హైడ్రాలిక్ లివరును తాకాడు. నా ఎడమ చూపుడు వేలికి ఇప్పటికీ గోరు లేదు. వాడి తప్పేమీ లేదు, తాళం నా జేబులో లేకపోవడమే తప్పు. అందుకే నా దగ్గర వరుస ఇది: పీటీఓ ఆపు, పరికరాన్ని నేలకు దించు, హ్యాండ్ బ్రేకు వెయ్యి, ఇంజను ఆపు, తాళం జేబులో వేసుకో, అప్పుడు దిగు. హైడ్రాలిక్ మీద ఎత్తిన పరికరం ఇంజను ఆపినా దిగిపోవచ్చు. కింద పని ఉంటే గట్టి దుంగ ఊతం పెట్టాల్సిందే.

అపోహ: దమ్ములో చక్రాలు దిగబడితే వాటికి కర్ర కట్టి ముందుకు లాగించాలి.

ప్రాణం తీసే సలహా ఇది. కర్ర అడ్డుపడి చక్రం తిరగకపోతే ఇంజను బలం ఊరుకోదు, ఇరుసు చుట్టూ బండినే పైకి లేపుతుంది. ముందు చక్రాలు లేచి వెనక్కి పడటానికి ఒకటిన్నర సెకను చాలు. వెనుక మట్టి తవ్వి రివర్సులో రండి. కాకపోతే ఇంకో ట్రాక్టరు పిలవండి. లాగే గొలుసును బండి వెనుక కింద ఉండే డ్రాబారుకే కట్టాలి, పరికరాన్ని పట్టి ఉంచే పైనున్న టాప్ లింకుకు ఎప్పుడూ కట్టకూడదు.

అపోహ: మా వాడికి పదిహేనేళ్లే, అయినా ఊళ్లోనే కదా నడిపేది.

ఊరి రోడ్డూ రోడ్డే. పద్దెనిమిదేళ్లు నిండి, లైసెన్సు ఉండాలి. మైనరు నడిపి నేరం చేస్తే, మోటారు వాహనాల చట్టం 2019 సవరణ ప్రకారం తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. ఆ పిల్లవాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. వయసు నిండినా నాదొక పరీక్ష ఉంది: వీపు సీటుకు ఆనించి క్లచ్చి పూర్తిగా తొక్కగలగాలి.

ఇక మడ్‌గార్డు మీద పిల్లల సవారీ. మొన్న ఒకాయన పెద్దకొడుకును శిక్షణకు తెచ్చి, చిన్నవాణ్ణి మడ్‌గార్డు మీద కూర్చోబెట్టారు. దించమంటే, "నేనూ ఇలాగే పెరిగానండీ" అన్నారు. చిన్నవాడు గట్టు మీదున్న కొబ్బరిచెట్టు కింద కూర్చున్న తర్వాతే పెద్దవాడికి తాళం ఇచ్చాను.