ఇంటి ముందు రోడ్డు ఎవరిది? పార్కింగ్ తగాదాల్లో అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో న్యాయవాదిగా పనిచేస్తున్న నా దగ్గరకు మన తెలుగువారు తెచ్చే తగాదాల్లో ఇంటి ముందు పార్కింగ్ తగాదాలు చాలానే ఉంటాయి. అనంతపురం, చిత్తూరు, కడప వైపుల నుంచి వచ్చి కె.ఆర్.పురంలోనో, మారతహళ్లిలోనో, బీటీఎం లేఅవుట్‌లోనో స్థిరపడినవారు వచ్చి కూర్చోగానే చెప్పే మొదటి మాట దాదాపు ఒకటే: "మా ఇంటి ముందు స్థలంలో ఎవరో కారు పెట్టి పోతున్నారండీ, కేసు వేయాలి." ఈ మాట వెనుక ఉన్న నమ్మకం వల్ల జరుగుతున్న నష్టాన్ని కళ్లారా చూస్తున్నాను కాబట్టే ఇది రాస్తున్నాను.

అపోహ: మా ప్రహరీని ఆనుకుని ఉన్న రోడ్డు మాది, అక్కడ బండి పెట్టుకునే హక్కు ముందు మాకే ఉంటుంది.

వాస్తవం: మీ సేల్ డీడ్ తీసి చివర షెడ్యూలులో హద్దులు చూడండి. "తూర్పున: 30 అడుగుల రోడ్డు" అని ఉంటే మీ ఆస్తి ఆ రోడ్డు దగ్గర ఆగిపోయిందని అర్థం. ఆమోదం పొందిన లేఅవుట్లలో రోడ్లను లేఅవుట్ వేసినప్పుడే ప్రభుత్వ సంస్థకు అప్పగించేస్తారు. ఆ తర్వాత అవి నగర పాలక సంస్థ అధీనంలో ఉండే ప్రజల రోడ్లు. మీరు కట్టే ఆస్తి పన్ను మీ సైటుకు, దాని మీది కట్టడానికి సంబంధించినది. దానితో రోడ్డు మీద ఒక్క అడుగు కూడా మీకు సంక్రమించదు. "ముప్పై ఏళ్లుగా అక్కడ నా కారే ఉంటోంది సార్" అని ఒక పెద్దాయన ఎంతో నమ్మకంగా చెప్పారు. ఎన్నేళ్లు వాడుకున్నా ప్రజల రహదారి ఒకరి సొంతం కాదన్నది న్యాయస్థానాలు ఏనాడో తేల్చిన సంగతి.

అయితే మీకు అక్కడ ఏ హక్కూ లేదని దీని అర్థం కాదు. రోడ్డు పక్కన ఇల్లున్న ప్రతి ఒక్కరికీ తమ ఇంటి నుంచి రోడ్డు మీదకు, రోడ్డు మీద నుంచి ఇంట్లోకి అడ్డు లేకుండా రాకపోకలు సాగించే హక్కు ఉంటుంది. అందుకే 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు ఫుట్‌పాత్ మీద గానీ, ఇంటి ప్రవేశ ద్వారానికి అడ్డంగా గానీ వాహనం నిలపకూడదని చెబుతున్నాయి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ కూడా ఇతరులకు ప్రమాదం, అడ్డంకి, అనవసరమైన ఇబ్బంది కలిగేలా బహిరంగ స్థలంలో వాహనం వదలకూడదని చెబుతుంది. కాబట్టి గేటుకు అడ్డంగా కారు పెడితే చట్టం మీ వైపు ఉంటుంది. గేటు వదిలి, ఎవరికీ అడ్డు లేకుండా, నిషేధం లేని చోట మీ గోడ వెంట పెడితే మాత్రం, ఆ కారు ఎవరిదైనా సరే, తీయమని అడగవచ్చు గానీ తీయించే హక్కు మీకు లేదు. అప్పు చేసి 30×40 అడుగుల సైటు కొని ఇల్లు కట్టుకున్నవారికి ఈ మాట ఎంత కష్టంగా ఉంటుందో నాకు తెలుసు. అయినా ఇది తెలియక జరిగే నష్టం ఆ బాధ కంటే చాలా పెద్దది.

రోడ్డు తమదే అనుకున్నవారు మొదట చేసే పని రాళ్లు పెట్టడం, తర్వాత పెయింటు డబ్బాలో కాంక్రీటు పోసి మధ్యలో ఇనుప రాడ్డు నిలబెట్టి, రెండు డబ్బాల మధ్య గొలుసు కట్టడం. కె.ఆర్.పురం వైపు ఒక రిటైరైన ఉద్యోగి ఇలాగే చేశారు. ఆ రోజు వీధి దీపం వెలగలేదు, పైగా వాన పడుతోంది. స్కూటర్ మీద వస్తున్న కుర్రవాడికి గొలుసు కనబడక, దానికి తగిలి పడి చేయి విరిగింది. అప్పటివరకు తానే బాధితుణ్ణని అనుకుంటున్న ఆ పెద్దమనిషి ఒక్క రాత్రిలో నిందితుడయ్యారు. బహిరంగ మార్గంలో అడ్డంకి కల్పించడం పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద నేరం, దానికి 5,000 రూపాయల వరకు జరిమానా ఉంది; ఆ అడ్డంకి వల్ల మనిషికి గాయమైతే ఇంకా బరువైన సెక్షన్లు వచ్చి చేరుతాయి. ఆయన భార్య నా ఎదుట కూర్చుని "కారు ఎక్కడైనా పెట్టుకోనిమ్మని ఆ రోజే అన్నానండీ" అంటూ కన్నీళ్లు పెట్టుకున్నారు.

రెండో పని టైర్ల గాలి తీయడం, తాళం చెవితో గీతలు గీయడం. ఇది ఎక్కువగా కుర్రవాళ్లు చేసే పని. దీన్ని చిన్న శిక్షగా, ఒక విధంగా న్యాయంగా భావిస్తారు. చట్టం దీన్ని ఇతరుల ఆస్తికి నష్టం కలిగించడంగా చూస్తుంది. వస్తువును పగలగొడితేనే కాదు, దాని విలువను గానీ ఉపయోగాన్ని గానీ తగ్గించినా అది నష్టమే. న్యాయ సంహిత 324వ సెక్షన్ ప్రకారం మామూలుగా దీనికి 6 నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు. నష్టం 20,000 రూపాయలకు చేరితే అది 2 ఏళ్ల వరకు, లక్షకు చేరితే 5 ఏళ్ల వరకు పెరుగుతుంది. కొత్త కారుకు రెండు తలుపుల మీద ఈ చివరి నుంచి ఆ చివరి వరకు గీత పడితే షోరూమ్ వారు ఇచ్చే పెయింటింగ్ ఎస్టిమేట్ 20,000 దాటడానికి పెద్దగా సమయం పట్టదు. నా దగ్గరకు వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి విషయంలో సరిగ్గా అదే జరిగింది: ఎదురింటి సీసీ కెమెరాలో చేయి, చేతిలోని తాళం చెవి, చివరకు చొక్కా మీది గళ్లు కూడా స్పష్టంగా కనిపించాయి. రాజీ కుదిరే లోపల అతడి పాస్‌పోర్టు రెన్యువల్ ఆగింది, విదేశీ ప్రయాణం చేజారింది. నిజానికి ఆ కారు గేటుకు అడ్డంగానే ఉంది. ఒక ఫోటో తీసి పోలీసులకు పంపి ఉంటే తప్పు పూర్తిగా అవతలివారిదే అయ్యేది.

కారు చక్రానికి గొలుసు వేసి తాళం బిగించడం కూడా ఇలాంటిదే. అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ వారు వీధిలో పెట్టిన బండ్లకు క్లాంపులు వేయడం చూస్తున్నాను. బహిరంగ స్థలంలోని వాహనాన్ని తొలగించడానికి గానీ, కదలకుండా బంధించడానికి గానీ అనుమతించే అధికారాన్ని మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ఆ పరిధిలో యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికే ఇచ్చింది. అసోసియేషన్ తీర్మానం చేసినంత మాత్రాన వాచ్‌మన్‌కు ఆ అధికారం రాదు.

ఇదే సెక్షన్ మీద వాట్సాప్‌లో ఒక పుకారు తిరుగుతోంది: 10 గంటల లోపు ఎక్కడ బండి పెట్టినా ఎవరూ ఏమీ చేయలేరట. ఇది పూర్తిగా తప్పు. 10 గంటల గడువు యజమాని జాడ లేకుండా వదిలేసిన వాహనాలకు సంబంధించినది. నిషేధం ఉన్న చోట పెడితే వెంటనే తొలగించవచ్చు. 2022 ఫిబ్రవరిలో బెంగళూరులో టోయింగ్ (తప్పుగా పెట్టిన బండ్లను లాగి తీసుకుపోవడం) ఆపేశారు కాబట్టి ఇక భయం లేదన్న మాట కూడా ఇలాంటిదే. టోయింగ్ ఆగినంత మాత్రాన చట్టం రద్దు కాలేదు, ఫోటో ఆధారంగా చలానాలు వేయడమూ ఆగలేదు.

ఇక సొంతంగా రాయించి గేటుకు తగిలించిన "నో పార్కింగ్" బోర్డుల సంగతి. అది ఒక విన్నపం మాత్రమే. ఎక్కడ పార్కింగ్ ఉండాలో, ఎక్కడ కూడదో నిర్ణయించి ట్రాఫిక్ గుర్తులు పెట్టే అధికారం ప్రభుత్వానికి, అది అధికారం ఇచ్చిన సంస్థలకు మాత్రమే ఉంటుంది.

"రెండు చక్రాలే కదా ఫుట్‌పాత్ మీదకు ఎక్కించాను, రోడ్డు మీద దారి వదిలాను" అనేవారికి కొంచెం గట్టిగానే చెప్పాలి. బెంగళూరులో చాలా వీధుల్లో ఫుట్‌పాత్ అంటే మురుగుకాలువ మీద పరిచిన స్లాబులే. అవి మనుషుల నడక కోసం వేసినవి, కారు బరువుకు పగుళ్లిస్తాయి. మా అమ్మ వాకర్ పట్టుకుని సాయంత్రాలు నడిచేది. మా వీధి మలుపులో కార్లు ఎక్కి ఎక్కి ఒక స్లాబు మధ్యకు విరిగి కుంగిపోయాక, ఆమె అక్కడ రోడ్డు మీదకు దిగి, వెనక నుంచి వచ్చే బండ్ల హారన్ల మధ్య ఆ నాలుగు గజాలూ దాటాల్సి వచ్చేది. కొన్నాళ్లకు నడవడమే మానేసింది. నివాస ప్రాంతాల్లో ఫుట్‌పాత్‌కు కనీసం 1.8 మీటర్ల అడ్డులేని వెడల్పు ఉండాలని రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అడ్డంకులు లేని ఫుట్‌పాత్ రాజ్యాంగంలోని ఆర్టికల్ 21 కింద పాదచారుల జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మే నెలలో స్పష్టంగా చెప్పింది.

వీధికి రెండు వైపులా పెట్టినా మధ్యలో కారు పడుతోంది కదా అనేవారు ఒక్కసారి లెక్క వేసుకోవాలి. 20 అడుగుల రోడ్డు అంటే సుమారు 6 మీటర్లు. ఒక్కో కారు వెడల్పు 1.8 మీటర్ల దాకా ఉంటుంది. అద్దాలను, కాలువ అంచు నుంచి వదిలే ఖాళీని కలుపుకుంటే మధ్యలో రెండున్నర మీటర్లు కూడా మిగలవు. అగ్నిమాపక వాహనం వెడల్పే దాదాపు అంత ఉంటుంది.

భయపడేవారికి ఒక మాట. పార్కింగ్ చలానా పడితే పాస్‌పోర్టు రాదని, వీసా ఆగుతుందని రాత్రిపూట ఫోన్ చేసి అడిగేవారున్నారు. జరిమానా కట్టేస్తే అది అంతటితో ముగిసిపోతుంది. పాస్‌పోర్టుకు అడ్డు వచ్చేది క్రిమినల్ కోర్టులో పెండింగ్‌లో ఉన్న కేసు, అంటే పైన చెప్పిన గీతలు, గొలుసుల వ్యవహారం. అలాగే బయటి రాష్ట్రం వారి ఫిర్యాదును ఇక్కడ పట్టించుకోరన్న అనుమానంతో నోరు మెదపకుండా ఉండవద్దు. చట్టం ఎవరికైనా ఒకటే.

గేటుకు అడ్డంగా బండి ఉంటే ముందుగా దాని అద్దం మీద ఫోన్ నంబరు ఉందేమో చూసి మర్యాదగా మాట్లాడండి, వస్తే నాలుగు కన్నడ మాటలతో మొదలుపెట్టండి. కదలకపోతే నంబరు ప్లేటు, మీ గేటు రెండూ ఒకే ఫోటోలో పడేలా తీసి ట్రాఫిక్ పోలీసుల అస్త్రం యాప్‌లో పంపండి. ఆసుపత్రికి వెళ్లడం వంటి అత్యవసరమైతే 112కు ఫోన్ చేయండి. అద్దెకు దిగుతున్నవారు "బండి బయట పెట్టుకోండి, ఎవరూ ఏమీ అనరు" అన్న ఓనరు మాటతో సరిపెట్టుకోకుండా, కాంపౌండు లోపల ఏ చోటు మీకు ఇస్తున్నారో 11 నెలల ఒప్పందంలో రాయించుకోండి. లోపల చోటు లేదంటే ఆ ఇంటికి అడ్వాన్సు ఇచ్చే ముందే కారు ఎక్కడ పెట్టాలో చూసుకోండి.