పొడవు, వెడల్పు, లోతు దాటి: అదనపు పరిమాణాల వాదం నడిచిన దారి

నల్లగొండ పక్కనే ఉన్న పానగల్‌లో కందూరు చోడుల కాలం నాటి ఛాయా సోమేశ్వరాలయం ఉంది. అక్కడి గర్భగుడిలో శివలింగం వెనుక గోడపై స్తంభం ఆకారంలో ఒక నీడ పగలంతా కదలకుండా నిలుస్తుంది. మండపంలోకి పక్కల నుంచి వచ్చే వెలుగు, గర్భగుడి ముందున్న స్తంభాల అమరిక కలిసి చేసే పని అది; అందులో మనకు తెలిసిన మూడు పరిమాణాలకు (డైమెన్షన్లకు) మించినదేమీ లేదు. అయినా ఇలాంటి వింత ఏది కనబడినా 'ఇదేదో వేరే డైమెన్షన్' అనేయడం ఈ మధ్య పరిపాటి అయింది. పరిమాణం అనేది మనకు కనబడని లోకమన్న ఈ అపోహకు దాదాపు నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది.

నాగార్జునసాగర్ జలాశయంలో ఒక పడవ ఎక్కడుందో చెప్పడానికి అక్షాంశం, రేఖాంశం అనే రెండు అంకెలు సరిపోతాయి. ఆ పడవ నుంచి దించిన వల ఎక్కడుందో చెప్పాలంటే లోతు కూడా కావాలి. ఒక స్థానాన్ని తేల్చి చెప్పడానికి ఒకదానిపై ఒకటి ఆధారపడని అంకెలు ఎన్ని కావాలో, అక్కడ పరిమాణాలు అన్ని. నీటిమట్టం 590 అడుగులకు చేరిందని వింటే ఏ రోజున అని కూడా అడుగుతాం; ఆ తేదీ నాలుగో అంకె. ఐన్‌స్టీన్ 1905 నాటి ప్రత్యేక సాపేక్ష సిద్ధాంతం ఆధారంగా హెర్మన్ మింకోవ్‌స్కీ 1908లో కాలాన్ని స్థలంతో ముడివేసి చూపాడు కనుక కాలాన్ని నాలుగో పరిమాణంగా లెక్కించడంలో ఇప్పుడు వివాదం లేదు. వివాదమంతా స్థలం గురించే: పొడవు, వెడల్పు, ఎత్తు కాక నాలుగో వైపు కదలడానికి వీలుందా?

ఘనానికి మూడే పరిమాణాలని, దాన్ని మించినది లేదని అరిస్టాటిల్ తేల్చేశాడు. ఆ తీర్పు చాలాకాలం నిలిచింది. 1637లో దెకార్త్ బిందువును అంకెలతో గుర్తించే పద్ధతి తెచ్చాక, మూడు అంకెల దగ్గరే ఎందుకు ఆగాలన్న ప్రశ్నకు దారి తెరుచుకుంది. 1854 జూన్ 10న గోటింగెన్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో బెర్న్‌హార్డ్ రీమాన్ ఎన్ని పరిమాణాలకైనా వర్తించే జ్యామితిని వివరించాడు. మన స్థలం నిజంగా ఎలా ఉందో గణితం ఒక్కటే తేల్చలేదని, అనుభవాన్నే అడగాలని కూడా ఆయన అన్నాడు. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికంటే విలువైన మాట అదే.

ఆ మాటను మొదట పెడచెవిన పెట్టినవాడు, విచిత్రంగా, ఒక శాస్త్రవేత్తే. లైప్‌జిగ్‌లో ఖగోళ భౌతిక శాస్త్రజ్ఞుడైన యోహాన్ త్సోల్నర్ 1877లో, అప్పటికే లండన్‌లో మోసం కేసు ఎదుర్కొన్న హెన్రీ స్లేడ్ అనే ఆత్మల మధ్యవర్తిని పిలిపించుకున్నాడు. రెండు కొసలూ కలిపి సీలు వేసిన తాడుకు ముడులు పడటం చూసి, అది నాలుగో పరిమాణంలోని ఆత్మల పనేనని నమ్మాడు. స్థలానికి నాలుగు పరిమాణాలుంటే కొసలు విప్పకుండానే ముడి వేయవచ్చునన్న గణితం సరైనదే. కానీ ఆ గదిలో ముడి వేసింది నాలుగో పరిమాణమా, స్లేడ్ చేతివాటమా అన్నది వేరే విచారణ.

ప్రశ్నను మళ్లీ కొలతల దారిలో పెట్టింది గురుత్వాకర్షణ. మూడు పరిమాణాల స్థలంలో దూరం రెట్టింపైతే ఆకర్షణ నాలుగో వంతుకు తగ్గుతుంది. నాలుగుంటే ఎనిమిదో వంతుకు తగ్గాలి. అలా అయితే గ్రహాల కక్ష్యలు నిలకడగా ఉండవని 1917లో పాల్ ఎరెన్‌ఫెస్ట్ చూపాడు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతూనే ఉంది కనుక, పెద్ద ఎత్తున పరచుకున్న నాలుగో దిశ లేదన్నమాట. అయితే చిన్నది ఉండవచ్చు. కాలంతో కలిపి ఐదు పరిమాణాల్లో రాస్తే ఐన్‌స్టీన్ గురుత్వ సమీకరణాల నుంచి విద్యుదయస్కాంత సమీకరణాలు కూడా వస్తాయని థియోడర్ కలూజా 1921లో ప్రచురించాడు. ఆ అదనపు దిశ కనబడకపోవడానికి కారణం అది అతి చిన్న వలయంగా చుట్టుకుని ఉండటమేనని 1926లో ఆస్కార్ క్లైన్ సూచించాడు. గద్వాల మగ్గం మీది నూలుపోగు దూరం నుంచి వట్టి గీతగానే కనబడుతుంది. దాని మీద పాకే సూక్ష్మ పురుగుకు మాత్రం పోగు చుట్టూ తిరిగే దారి కూడా ఉంటుంది.

కణాలన్నీ అతి చిన్న తంతువుల కంపనాలేనని చెప్పే, 1980ల్లో బలపడిన సూపర్ స్ట్రింగ్ సిద్ధాంతానికి కాలంతో కలిపి పది పరిమాణాలు కావాలి. 1995లో ఎడ్వర్డ్ విటెన్ ప్రతిపాదనతో అవి పదకొండయ్యాయి. అప్పటిదాకా ఇవన్నీ పరీక్షకు అందనివే. 1998లో అర్కానీ-హమెద్, డిమోపౌలోస్, ద్వాలీ అనే ముగ్గురు, అదనపు దిశలు మిల్లీమీటరు దాకా ఉన్నా ఇన్నాళ్లూ మన కంటబడి ఉండకపోవచ్చని వాదించారు. అంత దగ్గరి దూరాల్లో గురుత్వాకర్షణను అప్పటికి ఎవరూ సరిగా కొలవలేదు మరి. దాంతో కొలవడం మొదలైంది. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ బృందం సన్నని తీగకు వేలాడదీసిన లోలకంతో 52 మైక్రోమీటర్ల దాకా, అంటే మిల్లీమీటరులో దాదాపు ఇరవయ్యో వంతు దాకా పరీక్షించింది. దూరం రెట్టింపైతే నాలుగో వంతు అన్న పాత నియమం అక్కడా తప్పలేదని 2020లో ప్రకటించింది. జెనీవా దగ్గర కణాలను ఢీకొట్టించే, 27 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న ఎల్‌హెచ్‌సీ యంత్రంలోనూ అదనపు పరిమాణాల జాడ దొరకలేదు. 2017లో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు వచ్చిన గురుత్వ తరంగాలు, అంటే స్థలంలోనే పుట్టే అలలు, కూడా మూడు పరిమాణాల స్థలంలో ఎంత బలహీనపడాలో అంతే బలహీనపడి చేరాయి.

ఇప్పటికి కొట్టివేయగలిగింది పెద్ద వలయాలను మాత్రమే. స్ట్రింగ్ సిద్ధాంతకర్తలు సాధారణంగా ఊహించే వలయాల కొలత మీటరును ఒకటి పక్కన 35 సున్నాలున్న సంఖ్యతో భాగిస్తే వచ్చేదానికి దగ్గరగా ఉంటుంది. ఎల్‌హెచ్‌సీ తాకిళ్లు చూడగలిగేది అందులో దాదాపు 20 సున్నాల దాకానే.