పేర్లు దాచుకున్న ఉద్యమం: మాంట్‌గోమరీ జ్ఞాపకాల నేపథ్యం

నల్లజాతీయుల పౌరహక్కుల ఉద్యమంలో పాల్గొన్నవారి జ్ఞాపకాలను వారి నోటనే రికార్డు చేయించాలని అమెరికా కాంగ్రెస్ 2009లో చట్టం చేసి, ఆ పనిని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కూ స్మిత్‌సోనియన్ సంస్థకూ అప్పగించింది. ఉద్యమం సద్దుమణిగిన నలభై ఏళ్లకు ఆ అవసరం కలగడానికి ఒక ముఖ్య కారణం, నాడు చాలా విషయాలను కావాలనే కాగితం మీద పెట్టకపోవడం.

అలబామాలోని మాంట్‌గోమరీలో 1955 డిసెంబరు 1న బస్సులో శ్వేతజాతి ప్రయాణికుడికి సీటు వదలనందుకు నల్లజాతి మహిళ రోసా పార్క్స్‌ను అరెస్టు చేసిన రాత్రే, కళాశాల అధ్యాపకురాలు జో ఆన్ రాబిన్సన్ బస్సులెక్కవద్దంటూ వేలాది కరపత్రాలు సైక్లోస్టైల్ తీశారు. ఆమెది ప్రభుత్వ కళాశాల కనుక ఆ పని గుట్టుగానే సాగింది. డిసెంబరు 5న మొదలై 381 రోజులు నడిచిన బస్సుల బహిష్కరణకు డబ్బు కూడా అలాగే చేరింది. వంటమనిషి జార్జియా గిల్మోర్, మరికొందరు మహిళలు భోజనాలు, కేకులు అమ్మి విరాళాలు పోగుచేశారు. ఎక్కడిదని అడిగితే ‘ఎక్కడిదీ కాదు’ అని చెప్పే వీలుండేలా తమ బృందానికి ‘క్లబ్ ఫ్రమ్ నోవేర్’ అని పేరు పెట్టుకున్నారు. ఇది అతి జాగ్రత్త అనిపించవచ్చు గానీ, బహిష్కరణకు నాయకత్వం వహించినందుకు 1956లో మార్టిన్ లూథర్ కింగ్‌పై జరిగిన విచారణలో బస్సుల్లో తనకు జరిగిన అవమానాన్ని బహిరంగంగా చెప్పిన గిల్మోర్ ఉద్యోగం పోయింది. అదే ఏడాది పౌరహక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ తన సభ్యుల జాబితాను ఇవ్వనందుకు అలబామా కోర్టు లక్ష డాలర్ల జరిమానా వేసింది. ఆ పేర్లు వెల్లడించనక్కరలేదని సుప్రీంకోర్టు తేల్చడానికి 1958 దాకా పట్టింది.

అయితే మరుగున పడిన పేర్లన్నిటికీ భయమే కారణం కాదు, ఉద్యమ నాయకుల లెక్కలూ ఉన్నాయి. పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందే, 1955 మార్చి 2న, అదే నగరంలో సీటు వదలకుండా అరెస్టయిన క్లాడెట్ కాల్విన్ 15 ఏళ్ల పేదింటి పిల్ల. ఆమెను ముందు నిలిపి పోరాడటానికి పెద్దలు ఇష్టపడలేదు. నిజానికి బస్సుల్లో వర్ణవివక్ష చట్టరీత్యా ముగిసింది ‘బ్రౌడర్ వర్సెస్ గేల్’ వ్యాజ్యంతో. 1956 నవంబరు 13న సుప్రీంకోర్టు సమర్థించిన ఆ తీర్పు సాధించిన నలుగురు మహిళల్లో కాల్విన్ ఉన్నారు, పార్క్స్ లేరు. కాల్విన్‌పై నాటి కేసు రికార్డును మాంట్‌గోమరీ కోర్టు 2021లో, ఆమె 82వ ఏట, కొట్టివేసింది.