ఇంజిన్ విప్పితే బండి పోయినట్టేనా? పాత స్పోర్ట్స్ కార్ల అపోహలు - వాస్తవాలు

పాత స్పోర్ట్స్ కార్ల ఓనర్లు ఫోన్ చేసి ముందు అడిగేది ఒకటే: "అన్నా, ఇంజిన్ విప్పకుండా అవుతుందా?" శబ్దం ఎప్పటి నుంచి, లైట్ ఏమైనా వెలిగిందా అని నేను అడిగేలోపే ఈ మాట వచ్చేస్తుంది. వాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది. ఏళ్ల తరబడి డబ్బు కూడబెట్టి, ముచ్చటపడి కొనుక్కున్న బండి మరి. కానీ వాళ్ల చేత అన్నిటికన్నా ఎక్కువ ఖర్చు పెట్టిస్తున్నది ఈ భయమే.

అపోహ: ఒకసారి విప్పిన ఇంజిన్ మళ్లీ మునుపటిలా ఉండదు.

వాస్తవం: కొలతలు తీసి, శుభ్రంగా కట్టిన ఇంజిన్ నిక్షేపంగా నడుస్తుంది. ఒక్కసారే వాడాల్సిన బోల్టుల్ని మళ్లీ బిగించడం, ఆయిల్ దారుల్లో మిగిలిన లోహపు పొడిని కడక్కుండా వదిలేయడం, మైక్రోమీటర్ పెట్టకుండా చేత్తో ఊపి చూసి "బాగానే ఉంది" అనేయడం... ఇలా కట్టిన ఇంజిన్లు నాలుగు రోజులకే మళ్లీ మొరాయిస్తాయి. నింద మాత్రం విప్పడం మీద పడుతుంది.

విప్పించడానికి భయపడి ఏం చేస్తున్నారో చూడండి. కింద నుంచి టక్ టక్ మని మొదలవుతుంది, రేజ్ చేస్తే పెరుగుతుంది. చాలాసార్లు అది కనెక్టింగ్ రాడ్ బేరింగ్, అంటే పిస్టన్‌ని క్రాంక్ షాఫ్ట్‌తో కలిపే రాడ్ అడుగున ఉండే బేరింగ్. ఎవరో చిక్కటి ఆయిల్ పోయమంటారు. పోస్తే శబ్దం తగ్గుతుంది కూడా, లోపల అరుగుదల మాత్రం ఆగదు. బేరింగ్‌లోని పలుచటి లోహపు షెల్‌కీ క్రాంక్‌కీ మధ్య సందు సుమారు 0.05 మిల్లీమీటరు, వెంట్రుక మందం కూడా ఉండదు. ఆ సందులో నిలిచే ఆయిల్ పొరే మొత్తం భారం మోస్తుంది. సందు పెరిగిందా, ఆయిల్ పక్కలకు జారిపోయి ప్రెషర్ పడిపోతుంది. లెవెల్ ఫుల్‌గా ఉన్నా ఎర్ర లైట్ వెలగడానికి ఇదొక కారణం. "ఆయిల్ ఉంది కదా, మెల్లగా ఇంటిదాకా పోనిద్దాం" అనుకోవద్దు. బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి, బండిని ఎక్కించుకుపోయే ఫ్లాట్‌బెడ్ లారీని పిలవండి.

నిజాంపేట నుంచి ఒక అబ్బాయి 2007 పోర్షే బాక్స్‌టర్ తెచ్చాడు. ఆ మోడల్‌లో రాడ్ బేరింగులు చూడాలంటే క్రాంక్‌కేస్, అంటే ఇంజిన్ బయటి పెట్టెను రెండుగా విడదీయాల్సిందే. వాళ్ల నాన్న "విప్పనివ్వకురా, రీసేల్ ఉండదు" అన్నారట. చిక్కటి ఆయిల్‌తో నెలల తరబడి నడిపాడు. శంషాబాద్ దగ్గర ఔటర్ మీద రాడ్ విరిగి కేస్‌ని పొడుచుకుని బయటికొచ్చింది. దించి చూస్తే పిడికిలి పట్టేంత కన్నం. క్రాంక్, కేస్, పిస్టన్ ఏవీ పనికిరావు. "అప్పుడే తెస్తే ఎంతయ్యేదన్నా?" అని అడిగాడు. ఆ జవాబు చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

సికింద్రాబాద్ డాక్టరమ్మ ఒకావిడ తన బీఎండబ్ల్యూ జడ్4ను శబ్దం తేడాగా అనిపించిన రోజే ఫ్లాట్‌బెడ్ మీద పంపించారు. ఆయిల్ ఫిల్టర్ కాగితం కోసి ఎండలో పరిచాం. మడతల్లో సన్నటి మెరుపు. అయస్కాంతం పెడితే అంటుకోలేదు. ఇనుము కాదు, బేరింగ్ లోహమే అన్నమాట. ఇంజిన్ కింది సబ్‌ఫ్రేమ్ దించి, ఆయిల్ నిలిచే సంప్ విప్పి చూస్తే షెల్స్ మీది బూడిద రంగు పూత పోయి కింద రాగి రంగు తేలింది. బేరింగ్ కూర్చునే క్రాంక్ జర్నల్ మీద గోరు పెట్టి లాగితే ఎక్కడా గీత తగల్లేదు, కొలత కంపెనీ లిమిట్‌లోనే ఉంది. కొత్త షెల్స్, కొత్త రాడ్ బోల్టులతో పని అయిపోయింది. ఇంజిన్ బండిలోంచి దించనే లేదు.

ఇక బోరింగ్, అంటే సిలిండర్ లోపలి గోడను కోసి వెడల్పు చేయడం. "బోర్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేస్తే సరి" అనే సలహా ఇనుప లైనర్లున్న బ్లాకులకు సరిపోతుంది. 2005-08 బాక్స్‌టర్, కేమన్‌ల సిలిండర్ గోడలు లోకాసిల్, అంటే సిలికాన్ కలిసిన అల్యూమినియం. వాటికి మామూలు బోరింగ్ పనికిరాదు, గీతలు పడితే లోపల కొత్త గొట్టాల్లాంటి స్లీవ్‌లు వేయించాలి. రాణిగంజ్ మెషిన్ షాపైనా బాలానగర్‌దైనా, బ్లాక్ చేతికిచ్చే ముందు ఈ పని చేసిన అనుభవం ఉందా అని అడగండి.

ఐఎంఎస్ (ఇంజిన్ లోపలి ఇంటర్మీడియట్ షాఫ్ట్) బేరింగ్ వల్ల ప్రతి బాక్స్‌టరూ పోతుందన్న పుకారు వినీ వినీ విసుగొచ్చింది. ఆ సమస్య నిజమే, కానీ అన్ని బళ్లకూ రాదు. 2009 మోడల్ నుంచి వచ్చిన బాక్స్‌టర్ ఇంజిన్లలో అసలు ఆ బేరింగే లేదు.

వాడిన ఇంజిన్ తెచ్చి పెట్టేస్తే చవక అంటారు. దాని లోపల ఏముందో అమ్మేవాడికీ తెలియదు. పైగా ఇంజిన్ నంబర్ మారితే ఆర్టీఏలో ఆర్‌సీ మీద ఎక్కించుకోవాలి.

కొత్తగా కట్టిన ఇంజిన్‌ని గంటలకొద్దీ ఐడ్లింగ్‌లో ఉంచాలి, 40 దాటకూడదు అనడం కూడా తప్పే. పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు సరిగ్గా కూర్చోవాలంటే ఇంజిన్ మీద లోడ్ కావాలి. వేడెక్కాక స్పీడు మారుస్తూ నడపండి, రెడ్‌లైన్ దాకా మాత్రం లాగకండి. మొదటి ఆయిల్, ఫిల్టర్ తొందరగా మార్పించండి. తీసిన ఫిల్టర్‌ని మీ ఎదురుగానే కోసి చూపించమనండి.