ఖాదిం వీసా వెనక నలభై ఏళ్లు

నెల్లూరు జిల్లా మెట్ట ఊళ్లకి కువైట్ పొరుగూరు లాంటిది. ఉదయగిరి, ఆత్మకూరు వైపు అక్కడ ఉండొచ్చినవాళ్లు, ఇప్పటికీ ఉంటున్నవాళ్లు చాలామంది. వాళ్ల మాటల్లో ఆకామా (అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి), కపిల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే యజమాని), ఖాదిం వీసా (ఇంటిపనివాళ్ల వీసా) అనేవి రేషన్ కార్డు అన్నంత మామూలుగా దొర్లుతుంటాయి. ఇంకో మాట కూడా ఉంది, కల్లివెల్లి. కపిల్ ఇంట్లోంచి బయటపడి ఆకామా లేకుండా బతికేవాళ్లని అలా అంటారు. ప్రభుత్వాల లెక్కలో వాళ్లు అక్రమ వలసదారులు. వాళ్లెందుకు అలా అయ్యారన్నది పాత కథ.

బ్రిటిష్ కాలం నాటి 1922 చట్టాన్ని తీసేసి 1983లో మన ఎమిగ్రేషన్ చట్టం తెచ్చారు. ఇప్పటి నియమం ప్రకారం పదో తరగతి పాస్ కానివాళ్లు గల్ఫ్ దేశాలకి పనికి పోవాలంటే ప్రభుత్వ క్లియరెన్స్ కావాలి. 1990లో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించినప్పుడు దాదాపు 1,70,000 మంది భారతీయుల్ని విమానాల్లో వెనక్కి తెచ్చారు. యుద్ధం ముగిశాక వలస మళ్లీ మొదలైంది. ఇక్కడ అప్పు అలాగే ఉంది మరి.

ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లకి కట్టుబాట్లు ఒకదాని మీద ఒకటి వచ్చాయి. ముప్పై ఏళ్లు నిండాలన్నారు. యజమాని 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలన్నారు. 2016లో ప్రైవేటు ఏజెంట్లని పక్కనపెట్టి, మన ఓంక్యాప్ లాంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్నారు. అన్నీ వాళ్ల మంచికి పెట్టినవే. కానీ ముందు తలుపు బిగించేకొద్దీ సబ్ ఏజెంట్లు దొడ్డిదారి వెతికారు.

ఆ దారిలో వెళ్లొచ్చిన ఒకామె నాకు ఒక ప్లాస్టిక్ కవరు చూపించింది. అందులో రెండు టికెట్లు. ఒకటి చెన్నై నుంచి కొలంబోకి, రెండోది కొలంబో నుంచి కువైట్‌కి. మొదటిది ఇమిగ్రేషన్ కౌంటర్లో చూపించు, రెండోది బయటికి తీయొద్దు అన్నాడట ఏజెంటు. కువైట్ ఇచ్చిన వీసా అసలుదే. మన దేశం దాటిన తీరే తప్పు. అందుకే విదేశాలకి పనికి పోయేవాళ్లని మన ప్రభుత్వం నమోదు చేసే ఈ-మైగ్రేట్ రికార్డులో ఆమె పేరు లేదు, చేతిలో కాంట్రాక్టు లేదు, బీమా లేదు. జీతం ఆపేస్తే, కొడితే, ఆ ఇల్లు వదిలి వచ్చిన రోజే పరారీ కేసు. మన గడప దాటేటప్పుడు ఒకసారి, కపిల్ గడప దాటేటప్పుడు ఇంకోసారి అక్రమమైపోయింది ఆ మనిషి.

ఇది మన ఒక్కరి బాధ కాదు. నేపాల్ 2017లో తమ ఆడవాళ్లు గల్ఫ్‌లో ఇంటిపనికి పోకుండా ఆపితే, ఏజెంట్లు వాళ్లని ఢిల్లీ మీదుగా తరలించారు. మనవాళ్లకి కొలంబో, వాళ్లకి ఢిల్లీ. ఒక దేశం ఆపితే గల్ఫ్ ఏజెంట్లు పక్క దేశం నుంచి తెచ్చుకుంటారు. అందుకే పంపే దేశాలన్నీ కలిసి మాట్లాడుకోవాలని 2003లో కొలంబో ప్రాసెస్ మొదలైంది. ఇప్పుడు అందులో 12 దేశాలున్నాయి, 2024లో అధ్యక్షత తొలిసారి మనకొచ్చింది. పనివాళ్లని తీసుకునే దేశాలతో కలిసి కూర్చోవడానికి 2008లో అబుదాబి డైలాగ్ వచ్చింది.

కువైట్‌తో మనకి 2007లో కార్మిక ఒప్పందం, 2021 జూన్‌లో ఇంటిపనివాళ్ల కోసం విడిగా ఇంకొకటి కుదిరాయి. ఆలస్యమైందనే అంటాను. ఫిలిప్పీన్స్ 2018 ఫిబ్రవరిలో మనుషుల్ని పంపడం ఆపేసి, యజమాని పాస్‌పోర్టు లాక్కోకూడదన్న షరతుతో మే నెలకల్లా ఒప్పందం రాయించుకుంది.

ఒప్పందాలు అందనివాళ్లకి మిగిలేది క్షమాభిక్ష, అంటే ఆకామా లేనివాళ్లని శిక్ష లేకుండా ఇంటికి పోనివ్వడం. కువైట్ 2018, 2020, 2024లో ఆ అవకాశం ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో జరిమానా లేదు, టికెట్ ఖర్చు కూడా మాదేనంది. కానీ కోవిడ్ వల్ల మన ఆకాశం మూసి ఉంది. పేర్లు రాయించుకున్న మనవాళ్లు వారాల తరబడి అక్కడి శిబిరాల్లోనే ఉండిపోయారు.

2021 ఒప్పందం రక్షణ కాంట్రాక్టు ఉన్నవాళ్లకి. రెండు టికెట్ల మీద వెళ్లినామెకి అది చేరాలంటే కొలంబో కౌంటర్లో తెలిసిన సంగతి చెన్నైకి, చెన్నైలో తెలిసింది కువైట్‌లోని మన ఎంబసీకి అందాలి. కొలంబో ప్రాసెస్‌లో మన దేశం ముందు అడగాల్సింది ఇదే.